ఉద్దానం కిడ్నీ జబ్బు మీద పని చేయాలంటే ఏ పీజీ?

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలోని కవిటి మండలం. కెమిస్ట్రీ, మైక్రోబయాలజీతో బీఎస్సీ పూర్తి చేశాను. మా వీధిలోనే డయాలసిస్‌కు వెళ్లేవాళ్లు ఉన్నారు. ఎన్విరాన్‌మెంటల్ హెల్త్‌లో పీజీ చేయాలని నా కోరిక. నాన్నేమో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చేసి ఫార్మాలో చేరమంటున్నారు. లోన్ తీసుకుని అమెరికా వెళ్లమంటారా?
- ఒక విద్యార్థిని

జవాబు: అమెరికా సంగతి తర్వాత చూద్దాం. ఉద్దానంలో నీళ్లూ మట్టీ ఎన్నోసార్లు పరీక్షించారు. సిలికా అన్నారు, పురుగుమందులన్నారు, ఎండలో పని అన్నారు, నొప్పి మాత్రలన్నారు. ఫలానాదే కారణమని ఇప్పటికీ తేలలేదు. శ్రీలంకలో వరి రైతులకూ, మధ్య అమెరికాలో చెరకు కూలీలకూ ఇలాంటి జబ్బే వస్తోంది. బోరు నీళ్లలో ఏముందో ల్యాబ్‌లో కెమిస్ట్ చెప్పగలడు. అది ఒంట్లోకి రోజుకెంత చేరుతోంది, ఎన్నేళ్లుగా చేరుతోంది, అవే నీళ్లు తాగే పక్కింటాయనకు ఎందుకు రాలేదు అన్నవి మీరు చదవాలనుకుంటున్న సబ్జెక్టు వేసే ప్రశ్నలు.

అందుకే ఇందులో టాక్సికాలజీ (విషపదార్థాలు ఒంటిపై చూపే ప్రభావం), ఎపిడెమియాలజీ (జబ్బు ఎవరికి, ఎందుకు వస్తోందో చూసే శాస్త్రం)తో పాటు బయోస్టాటిస్టిక్స్ (ఆరోగ్య గణాంకాలు) తప్పదు. పదో తరగతితోనే లెక్కలకు దండం పెట్టిన బైపీసీ వాళ్లు తడబడేది ఇక్కడే. గణాంకాలకు వాడే 'ఆర్' సాఫ్ట్‌వేర్ ఉచితం, ఈ వారమే మొదలుపెట్టండి.

మీ నాన్నగారి టెన్షన్ అర్థం లేనిది కాదు. ఈ పీజీ చేసినవాళ్ల కోసమని మన దగ్గర నోటిఫికేషన్లు పెద్దగా పడవు. ఉద్యోగాలు ఎక్కువగా పరిశోధన ప్రాజెక్టుల్లో, స్వచ్ఛంద సంస్థల్లో ఉంటాయి, అవీ చాలావరకు కాంట్రాక్టువే. పరవాడ, జడ్చర్ల ఫార్మా కంపెనీల్లో ఈహెచ్ఎస్ (పర్యావరణం, ఆరోగ్యం, భద్రత) విభాగాలున్నా, సేఫ్టీ ఆఫీసర్ పోస్టుకు ఇండస్ట్రియల్ సేఫ్టీ డిప్లొమా అడుగుతారు.

నిజానికి నాన్నగారి దారిలో వెళ్లి కూడా మీరనుకున్న చోటికే చేరొచ్చు. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చేసి సీఎస్ఐఆర్ నెట్‌లో జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) తెచ్చుకుంటే నెలకు రూ.37,000 ఫెలోషిప్‌తో పీహెచ్‌డీ చేయొచ్చు. టాక్సికాలజీకి లక్నోలోని టాక్సికాలజీ పరిశోధన సంస్థ ఐఐటీఆర్ ఉంది. నాగ్‌పూర్‌లో పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ 'నీరి' ఉంది. పటిక, సున్నంతో నీళ్లలోని ఫ్లోరైడ్ తగ్గించే 'నల్గొండ టెక్నిక్' వాళ్లదే. అంతకాలం ఆగలేనంటే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో, ఐఐపీహెచ్ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ హెల్త్)లో ఎంపీహెచ్ (ప్రజారోగ్యంలో పీజీ) చూడండి. చెన్నై శ్రీరామచంద్రలో పర్యావరణ ఆరోగ్య విభాగం ప్రత్యేకంగా ఉంది. వంటింటి పొగ మీద వాళ్ల పనికి ప్రపంచమంతటా పేరుంది.

ఇక అమెరికా. అక్కడ ఎంపీహెచ్ ఉద్యోగానికి తయారుచేసే కోర్సు, ఫీజు దాదాపు మొత్తం మీదే. ఎంఎస్‌లో థీసిస్, పరిశోధన ఎక్కువ. పీహెచ్‌డీకైతే సాధారణంగా వాళ్లే ఫండింగ్ ఇస్తారు. మూడేళ్ల బీఎస్సీని అన్ని యూనివర్సిటీలూ ఒప్పుకోవు, అది ముందే అడగండి. నన్నడిగితే ఇప్పుడే లక్షల లోన్‌తో ఎంపీహెచ్‌కు వద్దు. ఇక్కడ పీజీ, ఏదైనా ఫీల్డ్ ప్రాజెక్టులో ఏడాది రెండేళ్ల పని అయ్యాక నేరుగా పీహెచ్‌డీకి అప్లై చేయండి. ఇంటింటికీ తిరిగి శాంపిళ్లు సేకరించిన అనుభవం ఉన్న అప్లికేషన్‌ను ప్రొఫెసర్లు ఆగి చదువుతారు. పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం మీకు దగ్గరే. ప్రాజెక్టు అసిస్టెంట్ అవకాశాలేమైనా ఉన్నాయేమో ఒకసారి వెళ్లి కనుక్కోండి.