ఆస్థాన జ్యోతిష్కులపై పరిశోధిస్తున్న మేనకోడలికి

చిరంజీవి అమ్మాయికి మామయ్య ఆశీస్సులు.

పునరుజ్జీవన కాలపు ఐరోపాలో ప్రభువుల ఆశ్రయం కోసం జ్యోతిష్కులు పడ్డ పాట్ల మీద నువ్వు రాస్తున్న సిద్ధాంత గ్రంథంలోని మొదటి అధ్యాయం చదివాను. ఏ జోస్యం ఫలించింది, ఏది బెడిసికొట్టింది అన్న లెక్కతో మొదలుపెట్టావు. ఆ లెక్కను పక్కన పెట్టి, జాతకం ఎవరు వేయించారు, ఏ అవసరం కొద్దీ వేయించారు, వేసినవాడికి ఏం ముట్టింది అని అడుగుతూ ప్రతి కాగితాన్నీ మళ్లీ చదవమని నా సలహా.

జోస్యం తప్పినంత మాత్రాన దారులన్నీ మూసుకుపోయేవి కావు. 1609 ఆరంభంలో ఇటలీలోని టస్కనీని ఏలే మెడిచి వంశపు ప్రభువు, గ్రాండ్ డ్యూక్ మొదటి ఫెర్డినాండో జబ్బుపడినప్పుడు, ఆయన భార్య క్రిస్టీనా కోరిక మీద గెలీలియో జాతకం చూసి, ఆయనకు ఇంకా చాలా ఏళ్ల ఆయుర్దాయం ఉందని చెప్పాడు. కొద్ది వారాలకే, ఫిబ్రవరిలో, డ్యూక్ కన్నుమూశాడు. అయినా మరుసటి ఏడాది మార్చిలో అదే గెలీలియో తాను కనుగొన్న గురుగ్రహపు నాలుగు ఉపగ్రహాలకు మెడిచి వంశం పేరు పెట్టి, వాటిని ప్రకటించిన గ్రంథాన్ని ఒకప్పటి తన శిష్యుడూ కొత్త డ్యూకూ అయిన రెండవ కోసిమోకు అంకితమిచ్చాడు. ఆ అంకిత పత్రాన్ని తొందరపడకుండా చదువు. కోసిమో పుట్టిన వేళ గురుడు నడినెత్తిన ఉన్నాడనీ, ఆయన సద్గుణాలన్నీ ఆ గ్రహం ప్రసాదించినవేననీ అందులో ఉంటుంది. కృతిపతిని పొగిడే మన ప్రబంధాల అవతారికలు చదివిన నీకు ఈ ధోరణి కొత్త కాదు. ఉపగ్రహాలకు మొదట కోసిమో పేరు కలిసొచ్చే మాట పెట్టి, ఆస్థాన కార్యదర్శి వింటా మెడిచి పేరే మేలనడంతో, అప్పటికే అచ్చయిన కాగితం మీద చీటీ అంటించి సరిదిద్దారు. నా మటుకు నాకు, ఆశ్రయమంటే ఏమిటో ఆ చీటీ చెప్పినంతగా మరే పత్రమూ చెప్పదు. జూలైకల్లా ఏడాదికి 1000 స్కూడీల (అప్పటి ఇటలీ నాణేలు) జీతంతో గెలీలియోకు ఆ ఆస్థానంలో పదవి ఖాయమైంది. గణితవేత్త అన్న బిరుదు ఒక్కటే చాలదని, తత్వవేత్త అన్నది కూడా గెలీలియో అడిగి మరీ చేర్పించుకున్నాడు.

ఇటలీ వైద్యుడూ గణితవేత్తా జ్యోతిష్కుడూ అయిన కార్డానోను విడవకు. ఇంగ్లండు రాజు ఆరవ ఎడ్వర్డు 55 ఏళ్లు దాటి బతుకుతాడని 1552లో లెక్కగట్టాడు. రాజు మరుసటి ఏడాదే పదిహేనేళ్లకు పోయాడు. కార్డానో ఆ జాతకాన్ని దాచిపెట్టకుండా, సంజాయిషీతో సహా 1554లో అచ్చువేయించాడు. ఆ తెగువ నాకు ముచ్చటగా ఉంటుంది. అప్రియం పలికినవాడికి మాత్రం రక్షణ లేదు: బొలోన్యా ప్రభువు బెంటివోలియోకు పతనం తప్పదన్నందుకు జ్యోతిష్కుడు లూకా గౌరికోను చిత్రహింస పెట్టారు, ఆ తర్వాత ఎన్నో ఏళ్లకు పోప్ మూడవ పాల్ ఆయన్ను బిషప్‌ను చేశాడు.

ఇక డబ్బు సంగతి. రాసిచ్చిన జీతాన్ని ఒక వరుసలోనూ, చేతికందినదాన్ని మరో వరుసలోనూ వేసుకో. పవిత్ర రోమన్ చక్రవర్తి రెండవ రుడాల్ఫ్ కొలువులో గణితవేత్తగా ఉన్న ఖగోళ శాస్త్రజ్ఞుడు కెప్లర్‌కు బకాయిలు పేరుకుపోయి, చివరికి దాదాపు 12,000 గుల్డెన్ల (అప్పటి జర్మన్ నాణేలు) ఆ అప్పును 1628లో సేనాని వాలెన్‌స్టైన్ మీదికి నెట్టారు. ఆ సేనానికి కెప్లర్ 1608లోనే, అడిగిందెవరో బయటపెట్టని మధ్యవర్తి ద్వారా, జాతకం వేసి ఉన్నాడు. 1630 నవంబరులో కెప్లర్ మరణించింది కూడా రావలసిన సొమ్ము కోసం బయలుదేరిన ప్రయాణంలో, రీగెన్స్‌బర్గ్‌లోనే. నీ పట్టికలో రెండో వరుస ఖాళీగా ఉన్న ప్రతిచోటా, ఆ జ్యోతిష్కుడు మరో ప్రభువుకు రాసిన ఉత్తరమేదైనా ఉందేమో వెతుకు.

నీ మామయ్య