రబ్బరు సంగతి ముందు చూడు

అనంతపురం

చిరంజీవి మేనల్లుడికి,

మీ మామ ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ అందరమూ క్షేమం. మొన్న నువ్వు ఫోను చేసి, రెండు మూడు వేల రూపాయల లోపల మంచి ఇన్-ఇయర్ మానిటర్ (ఐఈఎం అంటారు, చెవి కాలువలోకి దిగే ఇయర్‌ఫోన్) ఏదో ఒక పేరు చెప్పమన్నావు. ఒక పేరు చెప్పి ఊరుకోవడం నాకూ సులువే. కాని ఆ పేరు పట్టుకొని నువ్వు తెప్పించుకొని, చెవిలో పెట్టుకొని, "మామ చెప్పింది వట్టి రేకు డబ్బా మోతలాగుంది" అని నాలుగు రోజులకే సొరుగులో పడేస్తావని నా అనుమానం. నేనూ ఒకప్పుడు ఆ పనే చేసినవాణ్ణి కాబట్టి కొంచెం వివరంగా వ్రాస్తున్నాను.

నేను ముప్పై ఏళ్లకు పైగా మైక్‌సెట్ నడిపిన సంగతి నీకు తెలుసు. కదిరి తిరునాళ్లకూ, చుట్టుపక్కల పెళ్లిళ్లకూ, దేవర జాతరలకూ బూరలు కట్టి, బాక్సులు మోసి గడిపిన జీవితం నాది. దుకాణం మూసేశాక ఇంట్లో కూర్చొని పాటలు వినాలని నేను మొదటిసారి కొన్న ఐఈఎంను గురించి ఊరూవాడా పొగిడారు. నా చెవిలో మాత్రం దానికి బాస్ అనేదే లేదు. డోలు దెబ్బ పడితే అట్ట మీద వేలు కొట్టినట్టు వినిపించేది. మోసపోయాననుకొని పక్కింటి అబ్బాయికి సగం ధరకు ఇచ్చేశాను. వాడు చెవిలోకి పోయే కొసకు తొడిగే రబ్బర్లు (వీటినే ఇయర్ టిప్స్ అంటారు) వేరేవి వేసుకొని, ఒకరోజు నా చెవిలో పెట్టి వినిపించినప్పుడు నాకు సిగ్గు వేసింది. ముప్పై ఏళ్లు స్పీకరు బాక్సులు బిగించిన నాకు తట్టని సంగతి వాడికి తట్టింది: బాక్సు వెనక పలక ఒక మూల ఊడి సందు పడితే లోపల ఎంత మంచి స్పీకరున్నా దాని గుండె పోతుంది. చెవి కూడా ఒక బాక్సే. అందులో పెట్టే రబ్బరు పక్కన వెంట్రుకంత సందున్నా, బాస్ పుట్టించవలసిన గాలి ఒత్తిడి ఆ సందులోంచి బయటికి పోతుంది. పై స్వరాలు మాత్రం మిగిలి చెవిలో కీచుమంటాయి. "ట్రెబుల్ ఎక్కువ, బాస్ లేదు" అని జనం తిట్టే ఇయర్‌ఫోన్లలో చాలావాటికి అసలు రోగం ఇదేనని నా నమ్మకం.

అందువల్ల నీ డబ్బులో నాలుగైదు వందలు ఇయర్ టిప్స్ కోసం ముందే పక్కకు పెట్టు. రెండు వేల ఐదు వందలు ఉంటే, రెండు వేలకు ఐఈఎం, మిగిలినదానితో రెండు మూడు రకాల టిప్స్ కొను. మొత్తం పోసి పైతరగతి ఐఈఎం కొనుక్కొని, డబ్బాలో వచ్చిన రబ్బర్లతో సరిపెట్టుకోవడం కంటె ఇదే మేలు.

మన చెవి కాలువ సుమారు రెండున్నర సెంటీమీటర్ల పొడవుంటుంది. అది గొట్టంలాగా తిన్నగా ఉండదు, లోపలికి పోయేకొద్దీ వంపు తిరుగుతుంది. ఒక మనిషికీ ఇంకొక మనిషికీ తేడా ఉండటమే కాదు, ఒకే మనిషికి రెండు చెవులూ ఒకే కొలతలో ఉండాలన్న నియమం కూడా లేదు. నా ఎడమ చెవికి మధ్య సైజు, కుడి చెవికి పెద్ద సైజు పడుతుంది. డబ్బాలో చిన్నవి, మధ్యవి, పెద్దవి అని మూడు జతలు వస్తే, జతకు జతే వేసుకోవాలని ఎవరూ చెప్పలేదు కదా. మామూలుగా మనం చేసే పొరపాటు, నొప్పి లేదని చిన్న సైజు వేసుకోవడం. అది లోపలికి సులభంగా దిగుతుంది, హాయిగా ఉంటుంది, కాని చెవి గోడకు ఆనదు. అట్లాగని మరీ పెద్దది వేసుకుంటే అది లోపలికి పోకుండా గుమ్మం దగ్గరే ఆగి, అరగంటకు నొప్పి పుట్టించి, మెల్లగా బయటికి జారుతుంది.

పెట్టుకునే తీరు కూడా నేర్చుకోవాలి. ఎడమ చేతిని తల వెనకనుంచి తెచ్చి కుడి చెవి పైభాగాన్ని పైకీ వెనక్కూ కొద్దిగా లాగితే కాలువలోని వంపు కాస్త తిన్ననవుతుంది. అప్పుడు కుడి చేత్తో ఐఈఎంను లోపలికి పెట్టి, మెల్లగా తిప్పుతూ కూర్చోబెట్టి, ఆ తర్వాత చెవిని వదిలెయ్యాలి. కేబుల్ చెవి మీదుగా వెనక్కు పోవాలి, ఎర్ర గుర్తున్నది కుడి చెవిది. పెట్టేటప్పుడు లోపల పేలాల చప్పుడులాగా చిటచిటమంటే భయపడకు. గాలి ఒత్తిడికి ఐఈఎం లోపలి పొర వంగడం వల్ల వచ్చే చప్పుడు అది. అది చెడిపోయిందని తిప్పి పంపినవాళ్లను నేనెరుగుదును.

ఇక సరిగ్గా కుదిరిందో లేదో తెలుసుకోవడానికి పాట కూడా అక్కరలేదు. పెట్టుకొని రెండు మాటలు మాట్లాడు. నీ గొంతు నీకే కుండలో తల పెట్టి మాట్లాడినట్టు గుమ్మని వినిపించాలి. ఒక వేరుశనగ గింజ నోట్లో వేసుకొని నములు. ఆ నమిలే చప్పుడు తలంతా మోగాలి. ఆ తర్వాత డోలు కాని, బాస్ గిటారు కాని బాగా ఉన్న పాట పెట్టి, వినపడుతుండగానే వేలితో ఐఈఎంను కొద్దిగా లోపలికి నొక్కు. నొక్కగానే బాస్ పెరిగిందంటే అంతదాకా సందు ఉన్నట్టే లెక్క, కాబట్టి టిప్ సైజు మార్చు. చివరగా నోరు పెద్దగా తెరిచి ఆవులించు. దవడ కదిలినప్పుడు చెవి కాలువ ఆకారం మారుతుంది, అప్పుడు పాట పలచబడితే పట్టు ఇంకా చాలలేదన్నమాట. ఈ నాలుగూ ఒక్క ప్రయత్నంలో తేలకపోవచ్చు. నాకు నాలుగు రోజులు పట్టింది, రెండు రకాల రబ్బర్లు వృథా అయ్యాయి.

టిప్స్‌లో ప్రధానంగా సిలికాన్, ఫోమ్ అని రెండు జాతులు. ఫోమును వేళ్ల మధ్య నలిపి సన్నగా చేసి, వెంటనే చెవిలో పెట్టి, అది ఉబ్బేదాకా ఒక పావు నిమిషం వేలితో పట్టుకొని ఉండాలి. ఏ వంకర చెవికైనా అది ఇమిడిపోతుంది, బయటి రొద బాగా తగ్గుతుంది. కాని పై స్వరాల పదునును అది కొంత తాగేస్తుంది, కొన్ని నెలలకే బిగువు పోతుంది, చెమటను పీల్చుకుంటుంది. అనంతపురం ఎండలో చైత్రం నుంచి జ్యేష్ఠం దాకా దాన్ని చెవిలో పెట్టుకోవడం నాకైతే చాతకాలేదు. కాని నువ్వుండే బెంగళూరు చలికి, ముఖ్యంగా నువ్వు రైల్లో వచ్చిపోయేటప్పుడు అది నీకు నచ్చవచ్చు. సిలికాన్‌ను సబ్బు నీళ్లతో కడిగి తుడుచుకోవచ్చు, ఎక్కువ కాలం మన్నుతుంది. కంపెనీలు చూస్తే, ఫోముకు కంప్లై పేరు పాతది. సిలికానులో ఫైనల్ వాళ్ల టైప్-ఈ అనేది ఐదు సైజుల్లో దొరుకుతుంది కాబట్టి, మూడు సైజుల మధ్య ఎక్కడో ఇరుక్కున్న చెవులకు అది వరం. స్పిన్‌ఫిట్ వాళ్ల టిప్స్‌లో మెడ దగ్గర అటూ ఇటూ వంగే వీలుంటుంది, అందువల్ల వంపు ఎక్కువున్న చెవికి అనువుగా కూర్చుంటాయి.

టిప్ నోటి వెడల్పును కూడా గమనించు. నోరు వెడల్పుగా ఉన్న టిప్ వేస్తే పై స్వరాలు విప్పారినట్టు, ఇరుకుగా ఉన్నది వేస్తే అవి తగ్గి కింది స్వరాలు దట్టమైనట్టు సాధారణంగా వినిపిస్తుంది. అందుకే చురుక్కుమనే ఐఈఎంకు ఇరుకు నోటిది, మబ్బుగా వినిపించేదానికి వెడల్పు నోటిది వేసి చూస్తాను. బూరకు యూనిట్ మార్చకుండా నోరు మార్చి స్వరం సరిచేసుకున్నట్టే ఇది.

నాజిల్ అంటే టిప్‌ను తొడిగే గొట్టం. అది సన్నగా ఉంటే టిప్ వదులై, ఐఈఎంను లాగినప్పుడు రబ్బరు చెవిలోనే మిగిలిపోతుంది. అట్లా జరిగితే పిన్నీసు తీసుకొని ప్రతాపం చూపవద్దు, చెవి డాక్టరు దగ్గరికి పో. నాజిల్ మరీ పొట్టిగా ఉన్న ఐఈఎం అయితే చెవిలోకి అందదు, దానికి పొడవైన టిప్స్ వెతకాలి. నా మొదటిదానికి పట్టిన రోగం సరిగ్గా అదే. కొనేముందు ఫోటోలో నాజిల్ పొడవును ఒక్కసారి చూడు. వైరు లేని బడ్స్ కోసం చేసిన టిప్స్ చాలావరకు పొట్టిగా ఉంటాయి, అవి చవగ్గా దొరికాయని దీనికి కొనకు.

ఇక నువ్వు అడిగిన పేర్లు. ఈ ధరలో లోపల ఎన్ని డ్రైవర్లు (శబ్దం పుట్టించే బుల్లి స్పీకర్లు) ఉన్నాయన్న లెక్కకు మోసపోకు. మన స్పీకరులో ఉన్నట్టే అయస్కాంతం, కాయిలు, పొర ఉన్న పది మిల్లీమీటర్ల డైనమిక్ డ్రైవరు ఒక్కటి చక్కగా కూర్చితే చాలు. మూన్‌డ్రాప్ వాళ్ల చూ 2, సెవెన్ హెర్ట్జ్ వాళ్ల జీరో, జీరో 2, ట్రూత్‌ఇయర్ వాళ్ల గేట్, టాంగ్జూ వాళ్ల వానర్ అనేవి అన్నీ ఆ రకానివే. వీటిని కూర్చినవాళ్లు ఎక్కువమంది హర్మన్ సంస్థలో షాన్ ఓలివ్ బృందం శ్రోతలకు వినిపించి తేల్చిన, ఏ స్వరం ఎంత బలంగా పలకాలో చూపే గీతకు కాస్త దగ్గరగా, కాస్త దూరంగా నడుస్తారు. జీరోలో బాస్ కొలతగా ఉండి గాత్రం స్పష్టంగా ఉంటుంది, 2023లో వచ్చిన జీరో 2లో బాస్ పెంచారు. శాస్త్రీయ సంగీతం, పాత పాటలు ఎక్కువ వింటావు కాబట్టి నీకు మొదటిదే సరిపోతుందని నాకనిపిస్తోంది, కాని సినిమా పాటలకు ఊగాలనుకుంటే రెండోది చూసుకో. కేజడ్ వాళ్లవి ఇంకా చవక. బాస్, ట్రెబుల్ రెండూ లేపి మధ్యలో గొంతును వెనక్కు నెట్టే కూర్పు వాటిలో తరచుగా కనిపిస్తుంది. అది కొందరికి ఇష్టం, నాకు కాదు. ఏదైనా కేబుల్ ఊడేది కొను. సాధారణంగా 0.78 మిల్లీమీటర్ల రెండు పిన్నులవి ఉంటాయి. వైరు తెగితే కొత్త వైరు వేసుకోవచ్చు, మొత్తం పారేయవలసిన పని ఉండదు. ఫోను మాట్లాడాలంటే మైకున్న కేబుల్ అడుగు. చెవిలో పెట్టే వస్తువు కాబట్టి విప్పాక తిరిగి తీసుకోబోమనే అమ్మకందార్లు ఉంటారు, ఆ షరతు ముందే చదువు.

నీ ఫోనుకు జాకు లేదు కదా, టైప్-సి నుంచి 3.5 మిల్లీమీటర్లకు మార్చే డాంగిల్ కావాలి. లోపల డాక్ (ఫోనులోని డిజిటల్ అంకెలను శబ్ద సంకేతంగా మార్చే చిప్) ఉన్నదే తీసుకో. డాక్ లేని వట్టి వైరు మార్పిడి అన్ని ఫోన్లలోనూ పలకదు.

వచ్చాక వినవలసిన తీరు చెబుతాను. మొదట నీకు బాగా తెలిసిన గొంతు ఒకటి పెట్టు. తంబూరా మీద ఆలాపన ఉన్న కీర్తన అయితే ఇంకా మంచిది. తంబూరా తీగల రవళి గాత్రం వెనక చెదరకుండా నిలిచి ఉండాలి. "శ్రీ", "స్వ" అన్న అక్షరాలు వచ్చినచోట చెవిలో సూది గుచ్చినట్టుంటే ముందు టిప్ మార్చి చూడు, తర్వాతే ఐఈఎంను తప్పుపట్టు. నాదస్వరం పెట్టు, దాని గాలిలోని బొంగురుదనం తెలియాలి, కాని తల దిమ్మెక్కకూడదు. మన జిల్లా ఉరుముల వాళ్లు వాయించే ఉరుము అనే డోలు రికార్డింగు దొరికితే అంతకు మించిన పరీక్ష నాకు తెలియదు: ఆ ఉరుము గుర్రుమన్నప్పుడు చప్పుడు ఒక్కటే కాక దాని కింద ఉన్న ఊపిరి కూడా తెలియాలి. రెండు ఐఈఎంలు పక్కపక్కన పోల్చేటప్పుడు శబ్దం సమానంగా పెట్టుకో, కొంచెం గట్టిగా పలికినదే బాగుందని చెవి చెబుతుంది. ఈ ఒక్క కిటుకుతో దుకాణాల్లో ఎంతో సరుకు అమ్ముడుపోవడం నేను కళ్లారా చూశాను.

శబ్దం గురించి మాత్రం గట్టిగా చెబుతున్నాను. బూరల పక్కన నిలబడి నిలబడి నా కుడి చెవికి పై స్వరాలు సన్నగిల్లాయి. గదిలో కీచురాయి అరుస్తోందని మీ అత్త చెబితే గాని నాకు తెలియదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు వారానికి 40 గంటలు 80 డెసిబెళ్ల వరకు హద్దు పెట్టింది. మూడు డెసిబెళ్లు పెరిగితే వినదగిన సమయం సగానికి పడిపోతుంది. టిప్ పట్టు బాగుంటే బస్సు రొద బయటే ఆగుతుంది కాబట్టి శబ్దం పెంచవలసిన అవసరమే రాదు, అందుకోసమైనా సైజు కుదుర్చుకో. అయితే అదే పట్టు వెనకనుంచి వచ్చే లారీ హారన్‌ను కూడా ఆపేస్తుంది. రోడ్డు దాటేటప్పుడు రెండూ తీసి జేబులో పెట్టు.

వారానికొకసారి టిప్స్ తీసి కడిగి, పూర్తిగా ఆరాకే తొడుగు. నాజిల్ కొసన ఉండే సన్నటి జల్లెడలో గులిమి చేరితే ఒక వైపు శబ్దం తగ్గుతుంది, అప్పుడు ఐఈఎం చెడిపోయిందని కంగారుపడకుండా, నాజిల్‌ను కిందికి వంచి మెత్తటి పొడి బ్రష్‌తో దులుపు. సూది పెట్టి పొడవకు.

వచ్చే నెల ఊరికి వచ్చేటప్పుడు నీ పాత ఇయర్‌ఫోన్‌ను పారేయకుండా తీసుకురా. నా దగ్గర పాత మాత్రల డబ్బా నిండా రకరకాల రబ్బర్లు పోగుపడి ఉన్నాయి. వాటిలో ఏదైనా నీ చెవికి కుదిరితే, కొత్తది కొనే సంగతి తర్వాత చూసుకుందాం.

ఇట్లు,
మీ మామ