ఎలక్ట్రిక్‌గా మార్చిన కారులో ఏసీ, హీటర్ భద్రమేనా?

కడపలో పాత పెట్రోల్ కారును ఎలక్ట్రిక్‌గా మార్పిస్తున్నానని, ఇంజిన్ లేకుండా ఏసీ, హీటర్ పెడితే ప్రమాదమా అని అడిగారు. జాగ్రత్తగా బిగిస్తే కాదు.

పెట్రోల్ కారులో ఇంజిన్ వేడినీళ్లే క్యాబిన్‌ను వెచ్చబరుస్తాయి. ఇప్పుడు ఆ చోట సిరామిక్ హీటర్ పెడతారు. ఫ్యాన్ ఆగినా అది కాలుతూనే ఉంటే డ్యాష్‌బోర్డు వెనకున్న ప్లాస్టిక్ పెట్టె మెత్తబడి వంగిపోవచ్చు. ఫ్యాన్ తిరిగితేనే హీటర్‌కు కరెంటు వెళ్లాలి, విడిగా థర్మల్ కటాఫ్ (వేడి మితిమీరితే కరెంటు ఆపేసే స్విచ్) కూడా ఉండాలి. నన్నడిగితే కడపలో హీటరే వద్దు. అద్దానికి పట్టే ఆవిరిని ఏసీయే ఆరబెడుతుంది.

మే నెలలో 40 డిగ్రీలు దాటే ఊళ్లో ఏసీ మాత్రం తప్పదు. ఇంజిన్ బెల్టుతో తిరిగే కంప్రెసర్ బదులు బ్యాటరీ ప్యాక్ హై వోల్టేజీతో నడిచేది వస్తుంది. దాని మోటారు ఏసీ గ్యాస్, ఆయిల్ మధ్యే ఉంటుంది కాబట్టి లేబుల్‌పై రాసిన ఆయిలే పోయాలి. చాలావాటికి అది పీఓఈ రకం. మామూలు కార్ల పీఏజీ ఆయిల్ కలిస్తే మోటారు ఇన్సులేషన్ దెబ్బతిని కరెంటు కారు బాడీకి లీకవ్వచ్చు. గ్యాస్ నింపే మెషిన్ గొట్టాల్లో మిగిలిన పాత ఆయిల్‌తోనూ ఈ తంటా వస్తుంది. ఆ మెషిన్‌లో ఏ ఆయిల్ వాడారో మెకానిక్‌ను మొహమాటపడకుండా ముందే అడగండి.

ఈ ఏసీ, హీటర్ల లైన్‌కు ఇంటి ఫ్యూజు వాడనివ్వకండి. బ్యాటరీ ఇచ్చే డీసీ కరెంటులో నిప్పురవ్వ తొందరగా ఆరదు, ప్యాక్ వోల్టేజీకి తగ్గ డీసీ ఫ్యూజే కావాలి. హై వోల్టేజీ వెళ్లే నారింజ రంగు తీగలను మాత్రం మీరు సొంతంగా విప్పకండి.