తొలిసారి కారు రేసులో దిగేవారు జెండాలను ఎలా గమనించాలి?

మీరు చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌పై టూరింగ్ కార్ల పోటీలో తొలిసారి పాల్గొనబోతున్నారని, జెండాల పట్టిక కంఠతా వచ్చినా ఆ వేగంలో అవి కంటికి ఆనతాయో లేదోనని భయంగా ఉందని రాశారు. రేడియోలు, లైట్లు ఉన్న కాలంలో గుడ్డ జెండాలు ఎందుకని కూడా అడిగారు. అదే ట్రాక్‌పై చాలాకాలంగా సెలవు రోజుల్లో మార్షల్‌గా, అంటే ట్రాక్ పక్కన నిలబడి డ్రైవర్లకు జెండాలు చూపే పనిలో ఉన్నాను కనుక, జెండా పట్టుకునే వైపు నుంచి సమాధానం చెబుతాను.

రంగుల అర్థం తెలియని కొత్త డ్రైవర్లు అరుదు. జెండా ఎక్కడి నుంచి చూపిస్తారో ముందుగా గుర్తుపెట్టుకోక దాన్ని దాటిపోయేవారే ఎక్కువ. ప్రపంచ మోటార్ పోటీల నియంత్రణ సంస్థ ఎఫ్.ఐ.ఏ. నియమావళి ప్రకారం ఒక మార్షల్ పోస్టుకూ తర్వాతి పోస్టుకూ మధ్య దూరం 500 మీటర్లు మించకూడదు, అంటే 3.7 కిలోమీటర్ల ఈ ట్రాక్‌కు కనీసం 8 పోస్టులు ఉండాలి. జెండా కనీస కొలత 60 × 80 సెంటీమీటర్లు, పోటీని ఆపే ఎరుపు జెండాకూ, ముగింపును తెలిపే గళ్ల జెండాకూ 80 × 100. గంటకు 144 కిలోమీటర్ల వేగంలో మీరు సెకనుకు 40 మీటర్లు దాటిపోతారు కనుక, అంత చిన్న గుడ్డను అప్పటికప్పుడు వెతికితే దొరకదు. పోటీకి ముందు ట్రాక్ చుట్టూ నడిచి, ప్రతి పోస్టు ఏ పక్కన ఉందో, డ్రైవర్ సీటు ఎత్తు నుంచి ఎంత దూరంలో కనబడుతుందో చూసుకోండి. బ్రేక్ వేసే చోటును ఎలా గుర్తుపెట్టుకుంటారో పోస్టునూ అలాగే గుర్తుపెట్టుకుని, బ్రేక్ మీద కాలు పెట్టకముందే చూపు అటు తిప్పడం ప్రాక్టీస్ ల్యాపుల్లోనే అలవాటు చేసుకోండి.

పోస్టులో సాధారణంగా ఇద్దరం ఒకరికొకరు వీపు పెట్టి నిలబడతాం. నీలం జెండా పట్టుకున్నవారు వచ్చే కార్లను చూస్తారు. పసుపు జెండా పట్టుకున్నవారు తమను దాటి వెళ్ళిన కార్లను, తర్వాతి పోస్టు వరకు ఉన్న ట్రాక్‌ను చూస్తారు. అవసరం లేనప్పుడు జెండాను చుట్టి కాలి వెనుక దాచిపెడతాం, ఎందుకంటే గాలికి కాస్త విచ్చుకున్నా డ్రైవర్ దాన్ని సంకేతమనుకునే ప్రమాదం ఉంది. ఊపేటప్పుడు గుడ్డ కర్రకు చుట్టుకోకుండా చూపుడువేలితో అంచును కర్రకు అదిమిపట్టి, చేయి పూర్తిగా చాచి పెద్దగా ఊపుతాం.

మీరు అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ పెట్టవలసింది పసుపు జెండాపైనే. ఒక పసుపు జెండా ఊపితే ట్రాక్ పక్కన గానీ, ట్రాక్‌పై కొంతమేర గానీ ప్రమాదం ఉందని అర్థం. రెండు ఊపితే ట్రాక్ పూర్తిగానో కొంతవరకో మూసుకుపోయిందని, లేదా అక్కడ మనుషులు పనిచేస్తున్నారని అర్థం. అప్పుడు అవసరమైతే పూర్తిగా ఆగిపోగలిగేంతగా వేగం తగ్గించాలి. ఓవర్‌టేక్ చేయకూడదన్న నిషేధం ప్రమాదస్థలం దగ్గర కాదు, మొదటి పసుపు జెండా దగ్గరే మొదలై, ఆకుపచ్చ జెండా దాటేవరకు ఉంటుంది. జెండా దగ్గరికి మరో కారుతో పక్కపక్కనే వచ్చారా, మీరే వెనక్కి తగ్గండి. ఒకసారి వాన వెలిసిన తర్వాత ఒక కారు గిర్రున తిరిగి మలుపు బయట ఆగిపోయింది; నా తోటి మార్షళ్ళు ఇద్దరు దాన్ని నెట్టడానికి వెళ్ళారు, నేను రెండు పసుపు జెండాలు ఊపుతున్నాను. నా ముఖం వారివైపు ఉంది, కార్లు నా వీపు వెనుక నుంచి వస్తున్నాయి. అటువంటప్పుడు డ్రైవర్ జెండా చూశాడో లేదో మాకు చెవులే చెబుతాయి: ఇంజిన్ శబ్దం ఒక్కసారిగా తగ్గాలి. తగ్గకపోతే వెంటనే విజిల్ ఊది వారిని ట్రాక్ మీద నుంచి తప్పించాలి. 2014లో జపాన్‌లోని సుజుకాలో, వానకు తడిసిన ట్రాక్‌పై ఫార్ములా వన్ డ్రైవర్ జూల్స్ బియాంకీ కారు రెండు పసుపు జెండాలు ఊపుతున్న చోటే అదుపు తప్పి, మరో కారును తొలగిస్తున్న క్రేన్‌ను ఢీకొంది. వేగం తగినంత తగ్గలేదని ఎఫ్.ఐ.ఏ. విచారణ సంఘం తేల్చింది. ఆయన మరుసటి ఏడాది జూలైలో కన్నుమూశారు. ఫార్ములా వన్ డ్రైవర్‌కే ఆ తడి ట్రాక్‌పై అలా జరిగిందంటే, తొలి పోటీలో మనం ఎంత జాగ్రత్తగా ఉండాలో ఆలోచించండి.

మిగిలినవాటిలో, ఎరుపు చారలున్న పసుపు జెండా ముందు నూనెగానీ నీళ్ళుగానీ ఉండి పట్టు తగ్గిందని చెబుతుంది. ఈశాన్య రుతుపవనాల కాలంలో మీరు దాన్ని తప్పక చూస్తారు. పోటీలో ఊపే నీలం జెండా ఒక ల్యాప్ ముందున్న కారు మిమ్మల్ని దాటబోతున్నదని తెలుపుతుంది. అప్పుడు హఠాత్తుగా పక్కకు తప్పుకోకుండా, మీ దారిలోనే నిలకడగా వెళ్తూ వీలైనంత త్వరగా దారి ఇవ్వండి. నలుపుపై నారింజ వృత్తం మీ కారు నంబరుతో కనబడితే, కారు మీకు బాగానే ఉన్నట్లు తోచినా పిట్‌లోకి, అంటే కార్లను సరిచేసే చోటికి రండి, ఎందుకంటే నూనె కారుతున్నదో బంపర్ వేలాడుతున్నదో బయటివారికే కనబడుతుంది. అమెరికాలోని నాస్కార్ పోటీలు చూసే అలవాటుంటే తెల్ల జెండా చివరి ల్యాప్‌కు గుర్తు అనుకోవచ్చు. ఇక్కడ దానికి అర్థం ముందు నెమ్మదిగా వెళ్ళే వాహనం ఉందని.

ఇక గుడ్డ జెండాలు ఎందుకన్న ప్రశ్న. ఎరుపు జెండాను, ఒక డ్రైవర్‌ను పిట్‌లోకి పిలిచే నలుపు జెండాను రేస్ కంట్రోల్ (పోటీని నడిపే అధికారుల గది) ఆదేశం లేకుండా మేము చూపించం. పసుపుకు అలా ఎదురుచూడం: కంటితో చూసిన క్షణంలోనే ఊపుతాం, రేడియోలో ఆ తర్వాత చెబుతాం. కారు గోడను తాకిన సంగతి రేస్ కంట్రోల్‌కు చేరి, అక్కడి నుంచి మీ చెవికి చేరేలోపు మీరు ఆ మలుపులో ఉంటారు. పైగా ఔత్సాహిక పోటీల్లో చాలా కార్లకు రేడియోయే ఉండదు.

డ్రైవర్ల బ్రీఫింగ్‌కు ఆలస్యం చేయకుండా వెళ్ళండి. ఆ పోటీకి ప్రత్యేకించిన నియమాలు, నలుపు జెండాతో పాటు నంబరు పలకను చూపించే చోటు, గళ్ల జెండా తర్వాత పిట్‌లోకి వచ్చే దారి అక్కడ చెబుతారు. అర్థం కానిది ఏదైనా ఉంటే అందరి ముందే అడగండి. ఆ గదిలోని మరో కొత్త డ్రైవర్‌కూ అదే సందేహం ఉండి ఉంటుంది.