ఆర్కిటెక్ట్ కావడానికి అన్నేళ్లా అని అడిగిన నాన్నగారికి

పాలకొల్లు దగ్గర నుంచి ఒక తండ్రి రాశారు. అమ్మాయి ఇంటర్ ఎంపీసీ, ఆర్కిటెక్చరే చదువుతానంటోందట. "ఐదేళ్ల చదువు, ఆపైన లైసెన్సుకి ఇంకెన్నేళ్లో! దానికంటే ఏడాది ఇంటీరియర్ కోర్సు గానీ, బీటెక్ సివిల్ చేయించి అమెరికా పంపడం గానీ మేలు కదా?" అని అడిగారు.

పక్కింటి అబ్బాయి ఇరవై రెండేళ్లకే జీతం తెస్తుంటే మన పిల్ల ఇంకా ఇంటి నమూనాల కోసం థర్మాకోల్ కోసుకుంటూ కూర్చుంటుందేమోనన్నదే కదండీ మీ టెన్షన్? లైసెన్సు గురించి అంత భయం వద్దు. మన దగ్గర ఆఫీసు ట్రైనింగ్ కూడా ఆ ఐదేళ్లలోనే అయిపోతుంది, గుర్తింపున్న కాలేజీలో బీఆర్క్ పాసై కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో పేరు నమోదు చేసుకుంటే 1972 నాటి ఆర్కిటెక్ట్స్ చట్టం ప్రకారం ఆర్కిటెక్టే. ఇంటీరియర్ కోర్సు చేసినా సివిల్ చేసినా పనులు దొరుకుతాయి, కానీ ఆర్కిటెక్ట్ అని బోర్డు పెట్టుకోకూడదు.

నాకు అసలు అనుమానం మీ అమెరికా ప్లాన్ మీదే. సివిల్ చేసి వెళ్లినా అక్కడ ఆర్కిటెక్ట్ కావాలంటే లైసెన్సు ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రమే ఇస్తుంది, మామూలు దారిలో 3,740 గంటల పని అనుభవం చూపించాలి, ఆరు భాగాల పరీక్ష రాయాలి. పైగా ఎంఆర్క్‌లన్నీ, అంటే ఆర్కిటెక్చర్ పీజీలన్నీ ఒకటి కావు, ఆర్కిటెక్చర్ కోర్సులకి గుర్తింపునిచ్చే అక్కడి సంస్థ ఎన్‌ఏఏబీ గుర్తింపు లేని కోర్సు చేస్తే లైసెన్సు దారి ఇంకా చుట్టు తిరుగుతుంది. త్వరగా సెటిలవుతుందని చెరువు తాకట్టు పెట్టి పంపుతారా?

ఇక్కడా మొదటి రెండు మూడేళ్లు జీతం తక్కువే, దాచను. నా దగ్గరికి వచ్చిన రాజోలు వైపు అమ్మాయి ఒకామె డిగ్రీ అయ్యాక రెండేళ్లు చిన్న ఆఫీసులో చేసింది, ఎండలో సైట్లో నిలబడి మేస్త్రీల దగ్గర పని నేర్చుకుంది. వానకి ఉబ్బి ఎండకి నెర్రెలిచ్చే మన నల్లమట్టిలో పునాది ఎలా వేయాలో, గోదారి పొంగే లంకల్లో బేస్మెంటు ఎంత ఎత్తు లేపాలో ఇప్పుడు మేస్త్రీలే ఆమెని అడుగుతున్నారు. అది ఏడాది కోర్సులో వచ్చేదేనా?

ఒక మాట, కోపం తెచ్చుకోకండి. అంత పెద్ద ఉత్తరంలో పక్కింటి అబ్బాయి జీతం రాశారు, మీ అమ్మాయికి ఈ చదువు ఎందుకిష్టమో ఒక్క ముక్క రాయలేదు. దాని డ్రాయింగు పుస్తకం ఎప్పుడైనా తెరిచి చూశారా? ఆ ఇష్టం నిజమైతే ఐదేళ్లూ ఇట్టే గడిచిపోతాయండీ, నేను చాలామందిని చూశాను. ఈ ఆదివారం మీ చుట్టుపక్కల పాత మండువా లోగిలి ఏదైనా ఉంటే పిల్లని తీసుకెళ్లండి. మండువాలో పడిన వాన నీళ్లు ఎటు పోతాయో, మధ్యాహ్నం గాలి ఎటు నుంచి వస్తుందో గీసి చూపించమనండి. మీరు ఫోను పక్కన పెట్టి, అది చెప్పేది పూర్తిగా వినండి.