చెక్క పనికి డ్రిల్లా, ఇంపాక్ట్ డ్రైవరా?

చెక్క పని కొత్తగా మొదలుపెడుతున్నాను, రెండిట్లో ఏది కొనాలి అని అడిగారు. ఒక్కటే అయితే డ్రిల్ కొనండి. శుభ్రమైన రంధ్రం పడాలంటే బిట్ (కొనకు బిగించే ములుకు) ఒకే తీరుగా తిరగాలి, అది డ్రిల్ పని. దాని చక్‌లో, అంటే బిట్‌ను పట్టుకునే మూతిలో, గుండ్రటి కాడ ఉన్న బిట్లూ పడతాయి. పైగా క్లచ్ ఉంటుంది. మడతబందులకు వేసే చిన్న స్క్రూ బిగియగానే టకటకమని జారి, ఇంకా తిప్పడం ఆపేస్తుంది.

ఇంపాక్ట్ డ్రైవర్ సంగతి వేరు. స్క్రూ బిగుసుకునేకొద్దీ లోపలి సుత్తి, తిరిగే దిశలోనే నిమిషానికి వేల దెబ్బలు వేస్తుంది. అందుకే 3 అంగుళాల స్క్రూ కూడా మణికట్టు మెలిపడకుండా గట్టి దూలంలోకి దిగిపోతుంది. అదే పార్టికల్ బోర్డు మీద ఒక్క క్షణం ఎక్కువ నొక్కారా, స్క్రూ తల లోపలికి కూరుకుపోయి పట్టు పోతుంది. చాలా మోడళ్లకు క్లచ్ ఉండదు మరి. బిట్లు కూడా ఇంపాక్ట్ కోసం చేసినవే వాడండి, మామూలువి త్వరగా విరుగుతాయి. చప్పుడు మాత్రం భరించలేం, ఇయర్ ప్లగ్స్ పెట్టుకోవాల్సిందే.

మంచం ఫ్రేముల్లాంటి పెద్ద పనులు మొదలయ్యాక రెండోది తీసుకోండి. డ్రిల్‌కు పైలట్ రంధ్రాల (స్క్రూ కోసం ముందుగా వేసే సన్న రంధ్రాల) బిట్, డ్రైవర్‌కు స్క్రూ బిట్ పెట్టుకుంటే మాటిమాటికీ మార్చే బాధ ఉండదు.