కూర్చున్నచోటే చేసే వ్యాయామం పక్షవాతానికి పనికొస్తుందా?

ప్రశ్న: మా మామగారికి 63 ఏళ్లు. నాలుగు నెలల క్రితం పక్షవాతం వచ్చి ఎడమ చేయి, ఎడమ కాలు పడిపోయాయి. ఇప్పుడు పట్టుకుంటే నాలుగడుగులు వేస్తారు గానీ, పడిపోతానన్న భయంతో రోజంతా ప్లాస్టిక్ కుర్చీలో ఎడమకు ఒరిగి కూర్చుంటున్నారు. అనంతపురం వెళ్లి రావడానికే ఒక పూట పడుతుంది కాబట్టి ఫిజియోథెరపీకి వారానికి ఒకసారి మించి తీసుకెళ్లలేకపోతున్నాము. మూడు నెలలు దాటితే ఇక మార్పు రాదని ఊళ్లో అంటున్నారు. కూర్చోబెట్టి చేయించే వ్యాయామాల వల్ల ప్రయోజనం ఉంటుందా?
– ఒక పాఠకురాలు, కళ్యాణదుర్గం

జవాబు: తప్పకుండా ఉంటుందమ్మా. మొదటి మూడు నుంచి ఆరు నెలల్లో కోలుకోవడం వేగంగా సాగుతుందన్నది నిజమే గానీ, ఆ తరువాత అది నెమ్మదిస్తుందే తప్ప ఆగిపోదు. మెదడులో దెబ్బతిన్న భాగం చేసే పనిని మిగిలిన భాగాలు కొంతవరకు నేర్చుకుంటాయి. అయితే ఒకే కదలికను రోజూ పదే పదే చేయిస్తేనే నేర్చుకుంటాయి. అందువల్ల వారానికి ఒకసారి ఫిజియోథెరపిస్టు చూపినదాన్ని మిగిలిన ఆరు రోజులూ ఇంట్లో చేయించడమే అసలు చికిత్స.

ముందుగా ఆ ప్లాస్టిక్ కుర్చీని మార్చండి. బరువు ఒకవైపు పడితే అది వంగుతుంది, జారుతుంది. చేతులున్న గట్టి చెక్క కుర్చీని గోడకు ఆనించి వేసి, పాదాలు రెండూ నేలకు పూర్తిగా ఆనేలా, మోకాళ్లు తుంటి ఎత్తులో ఉండేలా కూర్చోబెట్టండి. మొదటి వ్యాయామం నిటారుగా కూర్చోవడమే. ఆయన ముందు అద్దం పెడితే తాను ఒరుగుతున్న సంగతి ఆయనకే తెలుస్తుంది. అది కుదిరాక, మెల్లగా బరువును ఒక పిరుదు మీది నుంచి రెండోదాని మీదికి మార్చి, మళ్లీ మధ్యకు రమ్మనండి.

ఇంకొక విషయం గమనించండి. పళ్లెంలో ఎడమవైపున్న సంగటిని తినకుండా వదిలేస్తున్నారా? మెదడు కుడి భాగం దెబ్బతిన్న కొందరికి చూపు బాగానే ఉన్నా ఎడమపక్క ఒకటి ఉన్నదన్న ధ్యాసే ఉండదు. ఇది మొండితనం కాదు, విసుక్కోకండి. మీరు ఎడమవైపు కూర్చుని మాట్లాడండి, నీళ్ల చెంబు కూడా అటే పెట్టి తల తిప్పి చూడమని చెప్పండి.

కాళ్లకు మూడు పనులు చాలు: మడమ నేలకు ఆనించి వేళ్లు పైకెత్తడం, మోకాలిని చాచి దించడం, ముందుకు వంగి పిరుదులను కుర్చీ నుంచి కొద్దిగా లేపి కూర్చోవడం. మూడోదానికి మీరు ఎడమవైపు నిలబడి నడుము దగ్గర పట్టుకోవాలి. చేయి పట్టి లాగడం, చంక కింద చేయి వేసి లేపడం మాత్రం ఎన్నడూ చేయవద్దు. కండరాల పట్టు తప్పిన భుజం కీలు సులభంగా జారుతుంది. ఆ నొప్పి మొదలైతే నెలల తరబడి చేయి ముట్టనివ్వరు. కూర్చున్నప్పుడు కూడా ఆ చేయి వేలాడకుండా దిండు మీద ఉంచండి.

చేతికి బల్ల మీద తువ్వాలు పరచి, రెండు అరచేతులూ దానిపై ఉంచి ముందుకూ వెనక్కూ జరపమనండి. చాలామంది రబ్బరు బంతి కొనిచ్చి పిసకమంటారు. వేళ్లు బిగిసి ముడుచుకుపోతున్న చేతికి పిసకడంకన్నా తెరవడం ముఖ్యమని నా అభిప్రాయం. వేళ్లలో కొంచెం కదలిక ఉంటే గిన్నెలో శెనక్కాయలు పోసి, ఒక్కొక్కటే ఎడమ చేత్తో తీసి పక్క గిన్నెలో వేసి వదలమనండి. వదిలేటప్పుడే వేళ్లు తెరుచుకోవాలి. పది కాయలకు పావుగంట పట్టినా కుడిచేతిని సాయం రానివ్వకండి.

ఒక్కసారిగా గంటసేపు కాక, పది నిమిషాల చొప్పున రోజుకు మూడు నాలుగుసార్లు చేయించండి. ఊపిరి బిగపట్టకుండా ఒకటి, రెండు అని పైకి లెక్కపెట్టించండి. మన ఎండల్లో ఉదయం, సాయంత్రం చల్లబడ్డాకే మేలు. బీపీ ఎంత దాటితే ఆ పూట మానేయాలో డాక్టరును అడిగి రాసి పెట్టుకోండి; బాగున్నారని మాత్రలు ఆపవద్దు. ఛాతీనొప్పి, కళ్లు తిరగడం, ఆయాసం వస్తే ఆపి డాక్టరును సంప్రదించండి. ఛాతీనొప్పి తగ్గకపోయినా, మూతి వంకర పోయినా, మాట తడబడినా, కొత్తగా పట్టు తప్పినా వెంటనే 108కి ఫోన్ చేయండి. పక్షవాతంలో గడ్డకట్టిన రక్తాన్ని కరిగించే ఇంజెక్షన్ సాధారణంగా లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపే ఇస్తారు, అదీ స్కానింగ్ తరువాతే.

ఈసారి అనంతపురం వెళ్లేటప్పుడు, ఇంట్లో ఆయనను మీరు కుర్చీలోంచి ఎలా లేపుతున్నారో సెల్‌ఫోన్‌లో వీడియో తీసి ఫిజియోథెరపిస్టుకు చూపించండి. పొరపాటు ఉంటే అక్కడే దిద్దుతారు.